ఇస్సాకు లేపిన మూడు బంతులు

కరీమాబాద్‌ల ఇస్సాకు ఇల్లెక్కడ అని అడిగితె ఎవ్వలూ చెప్పరు. బ్యాండ్ ఇస్సాకు ఇల్లు అని అడుగున్రి, చాయ్ తాగెటోడు గ్లాసు పక్కకు వెట్టి లేసొచ్చి గుమ్మం దాకా దింపిపోతడు. అసొంటి పేరు ఆయనది. నెక్కొండల పుట్టిండు. పదహారేండ్లప్పుడు కాజీపేటల ఒక ముసలి రైల్వే బ్యాండు మాస్టరు కాడ ట్రంపెట్ పట్టిండు, ఇగ దించలే. నలభై మూడేండ్లు ఊదిండు. లగ్గం ఊరేగింపుల ముందల ఆయనే, గణపతి నిమజ్జనంల ఆయనే, క్రిస్మస్ పాటల కాడ ఆయనే, ఆఖరికి పీనుగ ముందల నడిచేది సుత ఆయనే.

ఆయన భార్య రత్నమ్మ సర్కారు బడిల పిల్లలకు పగటి అన్నం వండుతది. మొగని మీద ఆమెకు కోపాలు తక్కువేం లెవ్వు. బీడీలు మానుమంటె మానకపాయె, ఇంట్ల ఉప్పు అయిపోయిందంటె రేపు తెస్త అనవట్టె, ఏండ్లకేండ్లు గట్లనే గడిపిండు. కని ఒక్క సంగతిల మాత్రం ఆమె మొగన్ని పొగడకుంట ఉండలేకపోయేది. ఆయన దమ్ము. ఒక్క గుక్కల సందు ఈ కొసకెల్లి ఆ కొసకు నడుసుకుంట రాగం తెగకుంట ఊదెటోడు. "మా ఆయన దమ్ము ముంగట మీ పోరగాండ్లెంత" అని బడిల టీచర్లతోని సుత కొట్లాడేది.

అట్లని ఆ దమ్ముకు దెబ్బలు తగల్లేదని కాదు. ముప్ఫై రెండేండ్లప్పుడు టీబీ వచ్చింది. ఆరు నెలలు మందులు మింగి, లేసి, మల్లా ట్రంపెట్ పట్టిండు. బీడీలు మాత్రం పదేండ్ల కిందనే మానిండు, అది సుత బిడ్డ కీర్తన అన్నం తినకుంట అలిగి కూసుంటె. కీర్తన కంటె ముందల వాళ్లకు ఒక కొడుకు పుట్టిండు. ఒక్క రోజు బతికిండు. ఆ ముచ్చట ఆ ఇంట్ల ఎవ్వలూ తియ్యరు.

మాఘమాసం లగ్గాలు జోరు మీదున్నయి. రఘునాథపల్లి కాడ ఒక పెండ్లిల ఊదుకుంట ఊదుకుంట ఇస్సాకు కడుపు పట్టుకొని కూలవడ్డడు. హన్మకొండల ఒక దవాఖానకు తీస్కపోతె, పిత్తాశయంల రాళ్లు, అది లోపల పాడైంది, పెద్ద కోత పెట్టాలె అన్నరు. కుడిదిక్కు పక్కటెముకల కింద జానెడు కోసిన్రు. ఆపరేషన్ మంచిగనే అయింది. ఇంత వరకు ఏ తేడా లేదు. తేడా అంతా ఆ తర్వాతనే వచ్చింది, అది సుత ప్రేమ కొద్ది వచ్చింది.

రత్నమ్మ ఆయన మంచం కాడ పహరా కాసింది. దగ్గు రావట్టిందా, ఉరికొచ్చి ఛాతి మీద చెయ్యి వెట్టేది. "దగ్గకయ్యా, పచ్చి పుండు, కుట్లు ఊడుతయి" అనేది. లేసి కూసుంటనంటె గదువ పట్టుకొని బతిమిలాడి పండవెట్టేది. ఇంటికెల్లి తన పాత చీర తెచ్చి, బాలింతకు కట్టినట్టు నడుముకు బిగదీసి కట్టింది. వాళ్లమ్మ ఆమెకు అట్లనే కట్టింది మరి. ఎల్లెలుకల పండుకోవెట్టి గరిటెడు గరిటెడు జావ తాపింది. చూసినోళ్లందరు "ఇసొంటి పెండ్లాం ఎవ్వలికి దొరుకుతది" అన్నరు. ఆ మాటకు ఆమె ఉబ్బిపోయింది సుత.

రెండో రోజు పొద్దున నర్సమ్మ ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి ఇచ్చింది. మూడు అరలు, అరకొక్క బంతి, ఒక సన్నపు గొట్టం. "తాతా, గొట్టం నోట్ల వెట్టుకొని ఈ బంతులు పైకి లేపాలె. గంటకు పది సార్లు, ఊపిరితిత్తులకు మంచిది" అన్నది. ఎట్ల లేపాలెనో ఒకసారి చేసి చూపిద్దామనేలోపల పక్క వార్డుల పిలిచిన్రు, ఆమె ఉరికింది.

గొట్టం అంటె ఇస్సాకుకు చెప్పాల్నా. పెదవులు బిగవట్టి, ట్రంపెట్ పట్టినట్టె పట్టి ఊదిండు. ఒక్క బంతి కదలలే. మల్ల ఊదిండు. ఉహుఁ. ఆయన మొఖం నల్లవడ్డది. నలభై మూడేండ్లు ఊరంతా లేపినోనికి మూడు ప్లాస్టిక్ బంతులు లేవకపోతె ఎట్లుంటది చెప్పున్రి. డబ్బా దిండు పక్కకు వెట్టి, గోడ దిక్కు మొఖం తిప్పుకున్నడు.

ఆ పగటీలి ఎల్లస్వామి వచ్చిండు. ఎల్లస్వామి బ్యాండుల పెద్ద డ్రమ్ము కొట్టెటోడు, ఇరువై ఐదేండ్లకెల్లి ఇస్సాకు ఎనుక అడుగు తప్పకుంట నడిచినోడు. అన్న మొఖం చూసి సంగతి అడిగిండు. డబ్బా చేతుల వట్టుకొని అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. అలిగిన మనిషిని నవ్వియ్యాలె, అంతే ఆయనకు తెలిసింది.

"అన్నా, ఇగ చూడు. దీన్ని తిరగేసి పట్టుకున్నవా, అప్పుడు లేస్తయి."

తలకిందులు చేసి ఇస్సాకు నోటికి అందిచ్చిండు. ఇస్సాకు ఊదిండు. ఒకటి లేసింది. కండ్లు మెరిసినయి. ఇంకింత బిగవట్టి ఊదిండు, రెండోది లేసింది, మూడోది సుత లేసి పైన నిలవడ్డది. వార్డుల ఉన్నోళ్లంత చప్పట్లు కొట్టిన్రు. పక్క మంచం ముసలాయన "బ్యాండోడు బ్యాండోడే" అన్నడు. దర్వాజ కాడికెల్లి పోతున్న నర్సమ్మ గాలిల బంతులు చూసి "వెరీ గుడ్ తాతా" అని సాగిపోయింది. ఇస్సాకు ఆపరేషన్ అయినంక నవ్వుడు అదే ఫస్టు.

ఇగ గంట గంటకు ఊదుడే. వచ్చినోళ్లకల్లా రత్నమ్మ చూపిచ్చుడే. దమ్ము పోలే, మా ఆయన దమ్ము ఏడికీ పోలే అని ఆమె సంబురం. గాలి బయటికి నూకుడు కాదు, లోపలికి పీల్చుడు కావాల్నని, ఊదిన కొద్ది ఊపిరితిత్తుల లోపలి గాలి బుడగలు ఇంకింత ముడుచుకుంటయని ఆ వార్డుల చప్పట్లు కొట్టినోళ్లల్ల ఒక్కరికీ తెల్వదు.

మూడో రోజు వొళ్లు జర వెచ్చగయింది. ఆపరేషన్ అయినోళ్లకు కాక ఉంటది అని ఫికర్ జెయ్యలే. నాలుగో రోజు పొద్దున రత్నమ్మ ఆయన మొఖం తుడుస్తాంది. తుడుసుకుంట ఆగింది. ముక్కుపుటాలు ఎగిరెగిరి పడుతున్నయి. ఊపిరి పీల్చినప్పుడల్లా ఎముకల నడుమ తోలు లోపలికి గుంజుకపోతాంది. ఎడమదిక్కు ఛాతి లేస్తాంది, కుడిదిక్కు లేస్తలేదు. గోర్లు నీలంగ ఉన్నయి.

ఆమె చేతిల గుడ్డ అట్లనే జారిపోయింది. ఆ ముక్కు ఎగిరే తీరు ఆమె ఒకసారి చూసింది. ముప్ఫై ఏండ్ల కింద నెక్కొండల, ఏడో నెలల పుట్టిన ఆ పసిగుడ్డు ఇట్లనే ఎగపోసుకుంట ఎగపోసుకుంట పొద్దుగూకేసరికి ఆగిపోయిండు. రత్నమ్మ చెప్పులు సుత ఏసుకోకుంట వరండాల పొంటి ఉరికింది.

ఏలికి క్లిప్పు వెట్టి చూస్తె ఆక్సిజన్ ఎనభై ఆరు. ఛాతికి ఫోటో తీసిన్రు. మాపటీలికి ఊపిరితిత్తుల డాక్టరమ్మ శ్రీలత తల్లీబిడ్డలను కూసోవెట్టి ఆ ఎక్స్‌రే వెలుగుకు వట్టి చూపెట్టింది. ఎడమదిక్కు నల్లగ ఉన్నది, అది గాలి. కుడిదిక్కు కింది సగం తెల్లగ. గాలిగొట్టం నడుమ ఉండాల్సింది కుడికి ఒరిగింది.

"ఊపిరితిత్తి అంటె ఒక్క సంచి కాదమ్మా" అన్నది డాక్టరమ్మ. "కోట్ల కొద్ది సన్న సన్న గాలి బుడగలు. వాటికి పోయే దారికి కఫం బిరడ లెక్క అడ్డం వడ్డది. లోపల మిగిలిన గాలిని రక్తం గుంజుకుంటది, కొత్త గాలి రాదు, బుడగలు ముడుచుకుంటయి. అట్ల ముడుచుకున్న జాగకు గాలిగొట్టం సుత గుంజుకపోయింది, చూసిన్రా. నేను చెవుల గొట్టం వెట్టి ఇంటె అటుదిక్కు సప్పుడే వస్తలేదు. పెద్ద ఆపరేషన్ అయినోళ్లల్ల ఇది మస్తు మందికి అయితది. మత్తుకు శ్వాస మీది మీదనే ఆడుతది, నొప్పికి గట్టిగ పీల్చరు, దగ్గరు, కదలకుంట పండుకుంటరు. కొంచెమే అయితె గుర్తు సుత కనవడది. ఎక్కువైతెనే ఇట్ల ఎగపోత, జ్వరం, గోర్లు నీలమయ్యుడు."

దగ్గరు అన్న మాట కాడ రత్నమ్మ తల వంచుకున్నది.

"ఎప్పటికీ కఫంతోనే అయితదా మేడం?" అని కీర్తన అడిగింది. కీర్తన ప్రైవేటు బడిల సైన్సు చెప్తది, ఏదున్నా అడిగి తెలుసుకునే రకం.

"ఒక్కొక్కలకు ఒక్కో తీరు. కొందరికి గొట్టం ఖాళీగనే ఉంటది, ఊపిరితిత్తి బయట నీరో గాలో జేరి ఒత్తితది. పాత టీబీ మచ్చ ఉంటె అది ముడతవడి పక్కదాన్ని గుంజుతది, మీ నాయినకు పైన అది సుత ఉన్నది. చిన్న పిల్లలైతె పల్లీగింజ మింగబోయి గొట్టంల ఇరికిచ్చుకుంటరు. పెద్దోళ్లకు లోపల గడ్డ ఉండొచ్చు. ఇగ నెలలు నిండకుంట పుట్టినోళ్లకు ఆ బుడగలు అతుక్కోకుంట చేసే పూత ఒకటి ఉంటది, అది తయారుగాదు. ఊపిరి పీల్చినా బుడగలు తెరుచుకోవు."

రత్నమ్మ తలెత్తింది. "ఏడో నెలల పుడితె?"

"ఏడో నెలల పుడితె అట్లనే అయితది శాన మందికి. ఇప్పుడు దానికి మందున్నది. అప్పట్ల మన దిక్కు లేకుండె."

"మిరపకాయలు ఏరబోతె అయితదా అది?"

డాక్టరమ్మకు సమజ్ గాలే. కీర్తనకు సుత కాలే. ఆ బిడ్డ పోయినప్పుడు అత్త "వద్దన్నా ఇనక మిరపకాయలకు పోయి కొడుకును మింగినవ్" అన్న సంగతి కీర్తనకు ఎట్ల తెలుస్తది. రత్నమ్మ ఎవ్వలికి చెప్పలే. ముప్ఫై ఏండ్లు ఆ మాటను కడుపుల వెట్టుకొనే వంట చేసింది, నిద్రవోయింది, ప్రార్థనకు పోయింది.

డాక్టరమ్మ కుర్చీ జర ముందుకు జరుపుకున్నది. "ఎందుకు ముందుగాల పుట్టిండో ఇప్పుడు ఎవ్వలం చెప్పలేం. ఊపిరి ఆడకపోవుడు మాత్రం నువ్వు చేసిన పనికి కాదు తల్లీ. పూత లేకపాయె, అంతే."

రత్నమ్మ ఏడ్చింది. గుండెల ఒక బరువు దిగుతాంటె ఇంకోటి వచ్చి కూసుంటాంది, దేనికి ఏడుస్తాందో ఆమెకే తెల్వదు. నడుము కట్టు సంగతి, దగ్గొద్దన్న సంగతి అన్నీ చెప్పింది. బంతుల డబ్బా ఎట్ల ఊదిండో కీర్తన చేసి చూపిచ్చింది. డాక్టరమ్మ తల అడ్డంగ ఊపింది.

"అది తిరగేసుడు కాదమ్మా. నిలవెట్టి పీల్చాలె. మాది సుత తప్పున్నది, చూపెట్టాల్సింది మేము. ఈ ఒక్కదానితోనే అయిందని అనుకోకున్రి. టీబీ మచ్చ, పాత బీడీలు, పెద్ద కోత, అన్నీ కలిసినయి."

నోట్లకెల్లి సన్నపు కెమెరా గొట్టం దింపి ఆ కఫం బిరడను గుంజిన్రు. కింది భాగం సగం దాకా తెరుచుకున్నది. ఆ మాపటికెల్లి రత్నమ్మ ఒక పద్ధతి పట్టింది. కట్టు ఇప్పేసింది. ఆయన్ని లేపి కూసోవెట్టి, కుట్ల మీద దిండు ఒత్తిపట్టి "దగ్గు" అన్నది. ఇస్సాకు నొప్పికి ఆమె చెయ్యి కరిసినంత పని చేసిండు. "మొన్న దగ్గొద్దంటివి గదనే" అన్నడు. "మొన్నటి రత్నమ్మకు బుద్ధి లేకుండె, దగ్గయ్యా" అన్నది. వీపు మీద తట్టింది. ఆయన కండ్లల్ల నీళ్లు కారుతున్నా ఇడిసిపెట్టలే.

డబ్బా నిలవెట్టి గొట్టం నోటికిచ్చింది. "ఊదకు. పీల్చు. చాయ్ జుర్రినట్టు పీల్చు."

నలభై మూడేండ్ల అలవాటు, పెదవులు వాటంతట అవే బిగుసుకునేటియి. ఆరోనాడు పొద్దున, ఎన్నిసార్లకో, ఒక్క బంతి కదిలింది. కొద్దిగ లేసింది, పడ్డది. మల్ల లేసి ఒక్క క్షణం నిలవడ్డది. ఇస్సాకు ఆమె దిక్కు చూసిండు. మూడు లేపిన నాడు చప్పట్లు కొట్టిన వార్డుల ఈ ఒక్కదాన్ని ఎవ్వలూ చూడలే. రత్నమ్మ ఆయన నెత్తి నిమిరి "శానా మంచిగ పీల్చినవ్ అయ్యా" అన్నది.

అప్పటికే ఆలస్యమైంది. ముడుచుకున్న జాగల చీము పట్టి నిమోనియా అయింది. ఏడోనాడు ఊపిరి మిషన్ మీద వెట్టిన్రు. తొమ్మిదోనాడు పగటీలి, ఫాదర్ వచ్చి ప్రార్థన చేసిపోయినంక, ఇస్సాకు పోయిండు.

సమాధి తోట దాకా బ్యాండు వాయించింది. ఇన్నేండ్లు పీనుగల ముందల నడిచిన ఇస్సాకు ఈసారి బ్యాండు ఎనుక వచ్చిండు. మట్టి ఏసినంక ఎల్లస్వామి డ్రమ్ము దించి, ఏడుసుకుంట నలుగురికి చెప్పవట్టిండు. "కడుపు కోసిన రెండోనాడు మూడు బంతులు లేపిండు మా అన్న. నేనే డబ్బా తిప్పి ఇచ్చిన. ఆఖరిసారి నవ్విందే నా చేతి మీద." ఇన్నోళ్లు అబ్బా అన్నరు. కీర్తన ఏదో చెప్పబోయింది. రత్నమ్మ బిడ్డ చెయ్యి గట్టిగ పట్టుకొని ఆపింది. తన కొడుకు పోయిన నాడు అత్త అన్న మాట ముప్ఫై ఏండ్లు ఎట్ల కొరికిందో ఆమెకు ఎరుకే. అసొంటి మాట ఇంకొకల మీద ఎయ్యొద్దనుకున్నది.

నెలన్నర పోయినంక ఒక ఆదివారం ఎల్లస్వామి వచ్చిండు, ఎంబడి భార్య వరలక్ష్మి. వరలక్ష్మికి సుత కడుపుల గడ్డ ఉన్నదట, పెద్ద ఆపరేషన్, వచ్చే బుధవారం.

"వదినె, అన్న ఊదిన బంతుల డబ్బా ఉన్నదా? ఈమెకు ఇప్పటికెల్లే అలవాటు చేద్దామని. ఎట్ల ఊదాల్నో నాకెరుకనే గదా."

రత్నమ్మ ఎల్లస్వామి మొఖం చూసింది. డబ్బా చేతికియ్యంగనె తలకిందులు చేస్తడు. చెప్పకపోతె వరలక్ష్మి ఊపిరి పోతది. చెప్తె ఈయన బతికున్నన్ని దినాలు డ్రమ్ము ముట్టడు.

లోపలికి పోయి డబ్బా కడిగి తుడిసి తెచ్చింది. నిలవెట్టి వరలక్ష్మి చేతిల వెట్టింది.

"ఇప్పుడు పద్ధతి మార్చిన్రట తమ్మీ. మొన్న డాక్టరమ్మ చెప్పింది. ఊదుడు బందు. ఆడోళ్లైనా మగోళ్లైనా అందరికీ నిలవెట్టి పీల్చుడే. చెల్లె, చాయ్ జుర్రినట్టు జుర్రు. ఆపరేషన్ అయినంక దిండు ఒత్తుకొని దగ్గాలె. కట్టు గట్టిగ కట్టనియ్యకు. లేసి కూసో, నడువు."

"అట్లనా" అన్నడు ఎల్లస్వామి. "అన్న ఉన్నప్పుడైతె ఊదుడే ఉండె."

"అవు. అప్పుడు ఊదుడే ఉండె."

వరలక్ష్మి పీల్చింది. రెండు బంతులు లేసినయి. రత్నమ్మ బుధవారం నుంచి వారం దినాలు పొద్దున, మాపున దవాఖానకు పోయి ఆమె మంచం కాడ కూసున్నది. దగ్గిచ్చింది, నడిపిచ్చింది, డబ్బా తిరగవడకుంట కావలి కాసింది. ఎనిమిదోనాడు వరలక్ష్మి తన కాళ్ల మీద తాను ఇంటికొచ్చింది.

ఆ తెల్లారి ఎల్లస్వామి ఒక్కడే వచ్చిండు. లోపలికి రాలే, గడప మీదనే కూసున్నడు. రత్నమ్మ చాయ్ తెచ్చి పక్కకు వెట్టింది. చాయ్ ముట్టకుంటనే చెప్పిండు.

"నర్సమ్మను అడిగిన వదినె. పద్ధతి ఎన్నడు మార్చిన్రు అని. ఎప్పుడు మార్చలేదట. మొదటికెల్లి పీల్చుడేనట."

రత్నమ్మ ఆయన పక్కన కింద కూసున్నది. ఇగ దాయడానికి ఏం లేదు.

"నేనేనా వదినె?"

"నడుముకు కట్టు కట్టింది నేను. దగ్గనీయకుంట నోరు మూసింది నేను. వచ్చినోళ్లకల్లా ఊది చూపియ్యమన్నది నేను. బీడీలు తాగింది ఆయన. నువ్వు నవ్విచ్చినవ్."

ఎల్లస్వామి మోకాళ్లల్ల మొఖం వెట్టుకొని ఏడ్చిండు, పెద్ద డ్రమ్ము కొట్టే ఆ భుజాలు అదిరినయి. ఎక్కిళ్లకు ఊపిరి అందుతలేదు. రత్నమ్మ ఆయన వీపు మీద చెయ్యి వెట్టి, ఇస్సాకుకు తట్టినట్టె మెల్లగ తట్టవట్టింది.

"పీల్చు తమ్మీ" అన్నది. "ముందుగాల పీల్చు."